వాటర్లూ బల్ల మీద ఆడేటప్పుడు ప్రష్యన్ల రాకను ఎలా దాచాలి?

తంగుటూరు బ్యారన్:

అందరికీ నమస్కారం. మాది తంగుటూరు పక్కన పల్లె. పొగాకు గ్రేడింగ్ ముగిసి బేళ్లన్నీ వేలానికి వెళ్లిపోయాక మా షెడ్డు కొన్ని నెలలు ఖాళీగా ఉంటుంది. ఆకు పేర్చే చోట ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీటు వేసి, నేనూ, మా బాబాయి కొడుకూ, ఒంగోలు నుంచి వచ్చే ఇద్దరు ఫ్రెండ్సూ నెపోలియన్ కాలం నాటి యుద్ధాలు బొమ్మలతో ఆడుతుంటాం. బొమ్మలు 1/72 సైజు ప్లాస్టిక్‌వి. అమెరికాలో ఉన్న మా బావ వచ్చినప్పుడల్లా కొన్ని పెట్టెలు తెస్తాడు, మిగతావి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాం. రంగులు మేమే వేస్తాం. నీలం కోటు మీద ఛాతీకి అడ్డంగా వచ్చే తెల్ల పట్టీలు, వీపున తోలు సంచి, దాని మీద చుట్టి కట్టిన పెద్ద కోటు. ఒక్క ఫ్రెంచి బెటాలియన్ పూర్తయ్యేసరికి కళ్లు లాగుతాయి. అయినా ఆ పనిలో ఉన్న సుఖం వేరు.

ఇప్పుడు మాకు వాటర్లూ పట్టుకుంది. నెపోలియన్ ఆఖరి యుద్ధం, ఇప్పటి బెల్జియంలో, 1815 జూన్ 18. మిట్ట మీద బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ దగ్గర సుమారు 68 వేల మంది, ఎదురుగా నెపోలియన్ దగ్గర దాదాపు 73 వేలు, మధ్యాహ్నం దాటాక తూర్పు నుంచి వెల్లింగ్టన్‌కి సాయంగా సేనాని బ్లూషర్ నడిపిన ప్రష్యన్లు (జర్మన్ రాజ్యం ప్రష్యా సైనికులు) విడతలు విడతలుగా 50 వేల దాకా. ఇంతకన్నా మంచి ఆట ఏముంటుంది అనుకుని మొదలుపెట్టాం.

ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, నెపోలియన్‌గా ఆడే మా తమ్ముడికి ఆ రోజు ఏ గంటకు ఏం జరిగిందో అంతా కంఠస్థం. ఆట మొదలవ్వగానే వెనక రిజర్వులో ఉండాల్సిన లోబో దళాన్నీ, నెపోలియన్ సొంత రక్షక దళంలోని యంగ్ గార్డ్‌నీ తీసుకెళ్లి తూర్పున అడవి అంచున నిలబెడతాడు. ప్రష్యన్లు అక్కడే దిగుతారని వాడికి తెలుసు. వెల్లింగ్టన్ వరస ముందున్న ఊగుమోన్ అనే గోడల తోట, ఇంటి జోలికే పోడు, అక్కడ ఫ్రెంచి సేనాని రెయ్ దళం పొద్దస్తమానం ఇరుక్కుపోయిందని చదివాడు కాబట్టి. పదకొండున్నర దాకా ఆగకుండా తొమ్మిదింటికే దాడి మొదలుపెడతాడు. వెల్లింగ్టన్ పక్షం నాది. నాకూ తెలుసు బ్లూషర్ వస్తాడని, అందుకని మిట్ట దిగకుండా కూర్చుంటాను. ఇద్దరం ఇంత తెలిసి ఆడుతుంటే అది వాటర్లూ అవ్వడం లేదు. పోనీ చరిత్రలో జరిగినట్టే కదలాలి అని రూలు పెడితే మేము నిర్ణయించడానికి ఏమీ మిగలదు.

ఇంకో సంగతి. గుర్రాలను ఆపడానికి పదాతి దళం నాలుగు వైపులా బాయినెట్లు చాచి చతురస్రంగా నిలబడటాన్ని స్క్వేర్ కట్టడం అంటారు. అలాంటి స్క్వేర్ మీదికి నెపోలియన్ మార్షల్ 'నే' (Ney) గుర్రాలను పంపినప్పుడు డైస్ ఎలా వేయాలో తేలట్లేదు. ఆరు పడితే స్క్వేర్ విరిగినట్టు అని పెట్టుకున్నాం. దాంతో ఒక్కో ఆటలో నాలుగైదు స్క్వేర్లు విరిగిపోతున్నాయి. అలా జరగదని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఏం చేయాలో తెలిసినవాళ్లు చెప్పండి.

రిజిస్టర్ మాస్టారు, నెల్లూరు:

అబ్బాయ్, నీ ప్రశ్న చదివి చాలా సంతోషమైంది. మన జిల్లాల్లో ఈ ఆట ఆడేవాళ్లు ఇంకా ఉన్నారని తెలియడమే నాకు గొప్ప సంగతి. నేను రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు నెల్లూరులో మా మేడ మీద గదిలో ఈ ఆటలు ఆడిస్తుంటాను. బొమ్మలు నేను కదపను, అంపైర్‌గా కూర్చుంటాను. మీ నలుగురిలో కూడా ఒకరు బొమ్మలు వదిలేసి అంపైర్‌గా కూర్చోండి. సగం సమస్య అక్కడే తీరిపోతుంది.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే లెఫ్టినెంట్ 1:8000 మ్యాపుల మీద ఆడే యుద్ధక్రీడకు రూల్స్ రాశాడు. అందులో ఆటగాళ్లు ఒకరి బలగాలు ఒకరు చూడలేరు. హుకుం కాగితం మీద రాసి అంపైర్‌కి ఇవ్వాలి, అంపైర్ చెప్పిందే తెలుసుకోవాలి. ఆ ఆట చూసి మెచ్చుకుని సైన్యంలో అందరిచేతా ఆడించినవాడు అప్పటి జనరల్ స్టాఫ్ అధిపతి మ్యూఫ్లింగ్. ఈ మ్యూఫ్లింగ్ ఎవరనుకున్నావు? వాటర్లూ రోజున వెల్లింగ్టన్ పక్కన ప్రష్యన్ల తరఫున ఉన్న అధికారి ఆయనే. బ్లూషర్ మనుషులు ఎప్పుడొస్తారా అని ఆ మిట్ట మీద గంటలు లెక్కపెట్టిన మనిషి. కబురు ఆలస్యమైతే యుద్ధంలో ఏమవుతుందో అనుభవించి తెలుసుకున్నవాడికి ఆ ఆట అంతగా నచ్చడంలో ఆశ్చర్యం ఏముంది!

మీ షెడ్డులో ఇలా చేయండి. నెపోలియన్‌గా ఆడే మీ తమ్ముణ్ణి బల్ల దగ్గరికి రానివ్వొద్దు. బయట అరుగు మీద ఒక మ్యాపు, పెన్సిలు, చీటీలు ఇచ్చి కూర్చోబెట్టండి. బల్ల దగ్గర నే పాత్రలో ఇంకొకరు ఉండాలి. నువ్వు వెల్లింగ్టన్‌వి గనక బల్ల దగ్గరే ఉండొచ్చు. ఆయన ఆ రోజంతా గుర్రం మీద మిట్ట పొడవునా తిరుగుతూ ఎక్కడ అవసరమైతే అక్కడికి స్వయంగా వెళ్లాడు. నెపోలియన్ మాత్రం చాలాసేపు ఫ్రెంచి వరస వెనక రోసోమ్ అనే చోటా, లా బెల్ అలయన్స్ అనే సత్రం దగ్గరా ఉండిపోయాడు. ఆ తేడా మీ ఆటలో తప్పకుండా కనపడాలి.

అరుగు మీది నుంచి వచ్చిన ప్రతి చీటీకీ అంపైర్ టైము వేయాలి. గుర్రం మీద కబురు వెళ్లడానికి కిలోమీటరుకు ఐదు నిమిషాలు లెక్క వేసుకోండి. చేరాక చదివి, ఆలోచించి, దళాన్ని కదపడానికి మరో పావుగంట. నేను దీనికి ట్రైన్ రిజిస్టర్ లాంటి పుస్తకమే పెట్టుకున్నాను. చీటీ బయలుదేరిన టైము ఒక గడిలో, చేరిన టైము ఇంకో గడిలో, పక్కన రిమార్కు. చీటీలో రాసిన మాటకు అంపైర్ వివరణ ఇవ్వకూడదు. మా మేడ మీద ఆడినప్పుడు ఒక నెపోలియన్ 'ఊగుమోన్ మీద ఒత్తిడి పెట్టండి' అని రాసి పంపాడు. ఎంత మందితో అని రాయలేదు. బల్ల దగ్గరున్న కుర్రాడు ముందు ఒక బ్రిగేడ్ పంపాడు, అది తోట గోడ దగ్గర ఆగిపోయింది. దానికి సాయంగా ఇంకొకటి, దానికి సాయంగా మరొకటి. అరుగు మీదున్నాయన సంగతి తెలుసుకునేసరికి ఎడమ వైపు దళంలో సగం ఆ తోటలో ఉంది. మరి 1815లోనూ నెపోలియన్ తమ్ముడు జెరోమ్ డివిజన్‌తో మొదలై ఆ ఒక్క ఆవరణ చుట్టూ జరిగింది ఇదే కదా. ఎవరూ బలవంతపెట్టకుండానే చరిత్ర ఆ చీటీలోంచి వచ్చింది.

ఇక ప్రష్యన్ల సంగతి. వాళ్లు వస్తారో రారో నెపోలియన్‌కి నిజంగానే తెలియదు. జూన్ 16న లిగ్నీ దగ్గర ఓడిపోయాక వాళ్లు తూర్పుగా తమ దేశం వైపు పోయారని ఆయన నమ్మాడు. వెంటపడమని తన మార్షల్ గ్రూషీకి 33 వేల మందిని ఇచ్చి పంపాడు. ప్రష్యన్లేమో ఉత్తరంగా వావ్ర్ అనే ఊరికి జరిగారు, వెల్లింగ్టన్‌కి అందేంత దూరంలోనే. అందుకని నేను ఆరు కవర్లు తయారు చేస్తాను. ఆటకు ముందు డైస్ వేసి ఒకటి తీసి జేబులో పెట్టుకుంటాను. రెండింటిలో ప్రష్యన్ సేనాని బ్యూలో దళం నాలుగున్నరకు దిగుతుంది, చరిత్రలో లాగే. ఒకదాంట్లో మూడింటికే. ఒకదాంట్లో బురద దారుల్లో చిక్కుకుని ఆరు దాటాక. ఒకదాంట్లో చీకటి పడేదాకా ఎవరూ రారు. చివరిదాంట్లో వచ్చేది గ్రూషీ. ఈ ఆఖరి కవరు ఉండి తీరాలి. అది ఉందన్న ఆశ లేకపోతే ఫ్రెంచి ఆటగాడు నెపోలియన్‌లా ఆలోచించలేడు.

మధ్యాహ్నం ఒంటిగంటకు, కవర్లో ఏమున్నా సరే, అరుగు మీదికి ఒక చీటీ వెళ్తుంది: 'తూర్పున చాపెల్ సాన్ లాంబేర్ ఊరి వైపు నల్లగా ఏదో కదులుతోంది.' అంతే. ఆ రోజు నెపోలియన్ పక్కనున్నవాళ్లు కూడా అది చెట్లా, మేఘం నీడా, సైన్యమా అని వాదించుకున్నారు. కాసేపటికి పట్టుబడ్డ ఒక ప్రష్యన్ హుస్సార్ (తేలిక గుర్రపు సైనికుడు) దగ్గర దొరికిన ఉత్తరంతో విషయం తేలింది. మీ తమ్ముడు అటు గుర్రాలను పంపి వాకబు చేస్తే, డైస్‌ని బట్టి అంపైర్ ఆ ఉత్తరం ఇవ్వొచ్చు. పంపకపోతే లేదు.

తొమ్మిదింటికే దాడి అన్నావు. అలాగే చేయనివ్వు, కానీ ఖరీదు చెల్లించాలి. ముందు రాత్రంతా వాన. రేగడి చేలో వాన వెలిసిన పొద్దున బండి తోలితే ఏమవుతుందో మీ ప్రకాశం వాళ్లకు నేను చెప్పక్కర్లేదు, ఫిరంగులు లాగేవాళ్ల పరిస్థితి అదే. పైగా ఆ కాలం గుండు ఇనప ముద్ద. నేలకు తగిలి ఎగిరెగిరి వెళ్తూ వరసలను కోసుకుపోవడంలోనే దాని దెబ్బంతా ఉంది. మెత్తటి నేలలో పడ్డచోటే దిగబడిపోతుంది. కాబట్టి పదకొండింటి దాకా ఫిరంగుల దెబ్బ సగం, ఫిరంగుల నడక సగం. దానికి తోడు ఆ పొద్దున ఫ్రెంచి దళాల్లో కొన్ని ఇంకా వెనక రోడ్డు మీదే నడుస్తున్నాయి. తొమ్మిదింటికి మొదలుపెడితే అవి లేకుండానే మొదలుపెట్టాలి. ఇప్పుడు ఆగాలా వద్దా అన్నది నిజమైన నిర్ణయం అవుతుంది.

స్క్వేర్ విషయంలో నీకు అనిపించిందే సరైనది. స్థిరంగా కట్టి నిలబడ్డ స్క్వేర్‌ను గుర్రాలు విరిచిన సందర్భాలు ఆ యుద్ధాలన్నిట్లో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 1812లో స్పెయిన్‌లో గార్సియా హెర్నాండెజ్ దగ్గర బ్రిటిష్ వాళ్ల తరఫున పోరాడిన జర్మన్ డ్రగూన్లు (గుర్రపు సైనికులు) ఫ్రెంచి స్క్వేర్లను విరగ్గొట్టారు, అందుకే ఆ పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు. గుర్రం బాయినెట్ల గోడలోకి దూకదు, పక్కకు తిరుగుతుంది. అసలు ప్రమాదం స్క్వేర్ కట్టే ఆ రెండు నిమిషాల్లో ఉంది. వాటర్లూకి రెండు రోజుల ముందు కాత్ర్ బ్రా దగ్గర బ్రిటిష్ 69వ రెజిమెంటు సగం కట్టి సగం కట్టని స్థితిలో ఫ్రెంచి కవచధారి గుర్రపు సైనికుల చేతికి చిక్కి జెండా కూడా పోగొట్టుకుంది. కాబట్టి గుర్రాలు తాకినప్పుడు డైస్ వేయొద్దు. గుర్రాలు బయలుదేరగానే, పదాతి దళం సకాలంలో స్క్వేర్ కట్టిందా లేదా అని వేయండి. కట్టితే గుర్రాలు చుట్టూ తిరిగి వెనక్కి పోతాయి. కట్టలేకపోతే ఆ బెటాలియన్ పని అయిపోయినట్టే. ఇంకొకటి, గుర్రాలతో పాటు 300 మీటర్ల లోపలికి గుర్రపు ఫిరంగులు తెచ్చుకుంటే స్క్వేర్‌కి చావే. గుంపుగా నిలబడ్డ మనుషుల మీద చిన్న గుళ్ల డబ్బాలు పేలతాయి. నే ఆ రోజు వేల గుర్రాలను పంపాడు గానీ ఫిరంగులనూ, పదాతినీ వాటితో సరిగ్గా జోడించలేదు. ఆ దారి మీ ఆటలో తెరిచి ఉంచండి.

నల్లరాయి, చీమకుర్తి:

మాస్టారు గారూ, మీ కవర్ల పద్ధతి చదివాక మా గ్రూపులో కూడా ఇదే మొదలుపెట్టాలనిపించింది. నేను ఆడేదాని కన్నా నేల తయారు చేసేదే ఎక్కువ, అందుకని ఆ వైపు నుంచి రెండు మాటలు.

తంగుటూరు అన్నా, ముందు స్కేలు చూసుకోండి. 1/72 బొమ్మకు నిజంగా సరిపోయే నేల వేయాలంటే నాలుగు కిలోమీటర్ల వెల్లింగ్టన్ వరసకే 55 మీటర్ల బల్ల కావాలి. కల్యాణ మండపంలో కూడా పట్టదు. అందుకని బొమ్మ సైజు, నేల సైజు వేరువేరుగా ఉంటాయని ఒప్పుకోవాల్సిందే. మీ ఎనిమిదడుగుల షీటు మీద ఒక సెంటీమీటరుకు 20 మీటర్లు వేసుకుంటే సరిగ్గా కుదురుతుంది. అప్పుడు రెండు వరసల్లో నిలబడ్డ 500 మంది బ్రిటిష్ బెటాలియన్ వెడల్పు దాదాపు 7 సెంటీమీటర్లు. ఫ్రెంచివాళ్లది మూడు వరసలు, కాబట్టి అదే 500 మందికి 5 సెంటీమీటర్ల లోపే. తుపాకీ పనికొచ్చే దూరం 100 మీటర్లు అనుకుంటే బల్ల మీద 5 సెంటీమీటర్లు. లా బెల్ అలయన్స్ నుంచి వెల్లింగ్టన్ మిట్టకు 65 సెంటీమీటర్లు. ఈ లెక్కలో ప్రష్యన్లు దిగే వైపున్న ప్లాన్సెన్వా ఊరు షీటు అంచు దాటిపోతుంది. ఆగ్నేయ మూలన ఒక చిన్న బల్ల చేర్చండి, అది లేకుండా కుదరదు.

బొమ్మలు అంటించి నిలబెట్టే బేసులకు పాత శుభలేఖలు వాడండి. దళసరి కార్డు, వంగదు, మీ ఇంట్లోనూ మా ఇంట్లోనూ కట్టలు కట్టలు ఉంటాయి.

మిట్ట చేసేటప్పుడు మాత్రం తొందరపడొద్దు. వాటర్లూలో ఆ మిట్ట కొండేం కాదు, ఏటవాలుగా మెల్లగా లేచే నేల. అంగుళం థర్మాకోల్ షీటు ఒక్కటి చాలు. అంచును కత్తితో పల్చగా, చెయ్యంత వెడల్పున వాలుగా కోయండి, మెట్టులా నిటారుగా ఉండకూడదు. దాని మీద నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో ముంచిన గోనెపట్ట పరవండి. బేళ్లు కట్టే గోనె మీ షెడ్డులో కొదవుండదు కదా. ఆరాక గోనె నేత మీద ముదురు గోధుమ రంగు పూసి, పైన పొడి బ్రష్‌తో లేత ఆకుపచ్చ తాకిస్తే దున్నిన చేను మీద గడ్డి మొలిచినట్టు వస్తుంది. అక్కడక్కడా కోతకొచ్చిన రై (గోధుమ లాంటి ధాన్యం) పంట వేయాలి. ఆ జూన్‌లో రై మనిషి ఎత్తున ఉంది, నడిచే సైనికులకు ఎదుట ఏముందో కనపడలేదు. కొబ్బరి పీచు డోర్‌మ్యాట్‌ను ముక్కలుగా కోసి పెట్టండి, బొమ్మలు దాంట్లో నడుం దాకా మునిగిపోతాయి. గుర్రాలు తొక్కిన చోట కత్తెరతో కత్తిరించేయొచ్చు. బ్రస్సెల్స్ రోడ్డుకు గరుకు కాగితం పట్టీ చాలు.

వెల్లింగ్టన్ తన మనుషుల్లో ఎక్కువమందిని మిట్ట వెనక వాలులో పెట్టాడు. మనం పైనుంచి చూస్తాం కాబట్టి బల్ల మీద అంతా కనిపించిపోతుంది. మిట్ట వెనక బొమ్మలు పెట్టకండి, 7 సెంటీమీటర్ల కార్డుల మీద దళం పేరు రాసి బోర్లా పెట్టండి. వాటిలో మూడోవంతు ఉత్తవే ఉండాలి. ఫ్రెంచి దళం శిఖరం ఎక్కినప్పుడే కార్డు తిప్పి బొమ్మలు పెట్టాలి. మధ్యాహ్నం నాలుగింటి వేళ గాయపడ్డవాళ్లు, బళ్లు వెనక్కి పోవడం చూసి వెల్లింగ్టన్ జారుకుంటున్నాడని నే అనుకున్నాడంటారు. ఒక టర్న్‌లో (మీ వంతులో) మీరు రెండు కార్డులు వెనక్కి జరిపి చూడండి, మీ నే ఏం చేస్తాడో.

రంగుల గురించి ఒక్క మాట. మన ఎండకు యాక్రిలిక్ బ్రష్ మీదే ఎండిపోతుంది. నేను పాలిష్ చేసిన గెలాక్సీ గ్రానైట్ ముక్క మీద తడి గుడ్డ, దాని మీద బటర్ పేపర్ వేసి రంగు కలుపుకుంటాను. రాయి చల్లగా ఉంటుంది, గంటైనా రంగు తడారదు. మా ఊళ్లో ఈ ముక్కలు పారేస్తుంటారు, కావాలంటే పంపిస్తాను.

కావలి లెక్చరర్:

మాస్టారు గారి పద్ధతి నాకు నచ్చింది, ఒక్క విషయంలో తప్ప. ప్రష్యన్లు అసలు రాని కవరు ఉండకూడదని నా అభిప్రాయం. బ్లూషర్ వస్తాననబట్టే వెల్లింగ్టన్ ఆ మిట్ట మీద నిలబడ్డాడు. ఆ మాట లేకపోతే ఆయన బ్రస్సెల్స్ వైపు వెనక్కి జరిగేవాడు, ఆ యుద్ధమే లేదు. 'ఎప్పుడు' అన్నది దాచండి, 'వస్తారా' అన్నది కాదు.

అంతకన్నా ముఖ్యంగా, మీ నలుగురు మొదటే ఇంత పెద్దదానికి దిగడం ఎందుకు? 1 బొమ్మకు 50 మంది చొప్పున వేసినా వాటర్లూకి మూడు వేల ఎనిమిది వందల బొమ్మలు కావాలి. అదే వెల్లింగ్టన్, అప్పటికి ఆర్థర్ వెల్లెస్లీ, పన్నెండేళ్ల ముందు మన దక్కనులో చేసిన యుద్ధం ఉంది. 1803 సెప్టెంబరు 23, అస్సాయే. ఇప్పటి మహారాష్ట్రలో జాల్నా దగ్గర. అందులో ఆయన కింద నడిచిన పదాతిలో ఎక్కువ మంది మద్రాసు సిపాయిలు. నెల్లూరు, ఒంగోలు సీమలు 1801లోనే ఆర్కాటు నవాబు నుంచి కంపెనీ చేతికొచ్చాయి. అందుకే ఆ ఎర్రకోట్ల బొమ్మలకు రంగు వేసేటప్పుడు నాకు మనసులో వేరే ఆలోచన కలుగుతుంది, వాళ్లెవరి పిల్లలో అని.

దాచిపెట్టి ఆడటానికి అస్సాయే అద్భుతంగా కుదురుతుంది. కైల్నా నది అవతల మరాఠా పాలకులైన సింధియా, బేరార్ రాజుల సైన్యం. వాళ్ల పదాతికి యూరప్ పద్ధతిలో తర్ఫీదిచ్చి నడిపినవాడు పోల్మన్ అనే జర్మన్, హానోవర్ వాడు. ఫిరంగులు వంద దాకా. వెల్లెస్లీ తన రెండో సేనతో వస్తున్న స్టీవెన్సన్ కోసం ఆగకుండా దిగాడు. దారి చూపేవాళ్లు నది దాటే రేవు లేదన్నారు. ఆయన దూరం నుంచి చూస్తే నదికి అటూ ఇటూ రెండు ఊళ్లు ఎదురెదురుగా కనిపించాయి. రాకపోకలు లేకుండా అలా ఊళ్లు వెలవవు, రేవు ఉండే ఉంటుందని ఊహించి మనిషిని పంపితే నిజంగానే ఉంది. దాటి పక్కనుంచి కొట్టబోతే పోల్మన్ సేన మొత్తం చకచకా తొంభై డిగ్రీలు తిరిగి కొత్త వరసలో నిలబడింది. వెల్లెస్లీ దాన్ని ఊహించలేదు. కుడి చివరన బ్రిటిష్ 74వ రెజిమెంటు దారి తప్పి అస్సాయే ఊరి ఫిరంగుల ఎదుటికి పోయి ఊచకోతకు గురైంది. గెలిచాడు గానీ సుమారు 1,600 మంది చచ్చో గాయపడో పడిపోయారు. ఆయన దగ్గరున్న చిన్న సైన్యానికి అది భయంకరమైన లెక్క.

మీ షీటు ఒక్కటి చాలు, మూల బల్ల అక్కర్లేదు. రేవు ఉందో లేదో అంపైర్ డైస్ వేసి దాచుకుంటాడు.

తంగుటూరు బ్యారన్:

ఇంత వివరంగా రాసినందుకు ముగ్గురికీ ఎన్నో కృతజ్ఞతలు. స్క్వేర్ రూలు రాత్రే మార్చి ఆడి చూశాం, ఒక్కటి కూడా విరగలేదు. పైగా నే ఆడినవాడు రెండోసారి గుర్రాల వెనకే ఫిరంగులు తెచ్చుకున్నాడు. ఆట వెంటనే మారిపోయింది.

లెక్చరర్ గారూ, అస్సాయే తప్పకుండా ఆడతాం, కానీ దాని కోసం సిపాయిల బొమ్మలు మొదటి నుంచీ సమకూర్చుకోవాలి. మరాఠా ఫిరంగులు కూడా లేవు. ఫ్రెంచివాళ్లు, బ్రిటిష్‌వాళ్లు ఇప్పటికే రంగులు వేసుకుని రెడీగా ఉన్నారు, మనసు వాటర్లూ మీదే ఉంది.

నల్లరాయి గారూ, గోనె పరిచాను, ఆరుతోంది. వాలు మీరు చెప్పినంత వెడల్పున కోశాను. గ్రానైట్ ముక్క ఒకటి పంపితే చాలు.

మాస్టారూ, ఒక్కటి మిగిలింది. టర్న్‌కి ఎంత టైము పెట్టాలి? మా తమ్ముడు అరుగు మీద ఒంటరిగా కూర్చోవడానికి ఒప్పుకున్నాడు గానీ, తనకి ఏమీ జరగనట్టు ఉంటుందేమో అని అడుగుతున్నాడు.

నల్లరాయి, చీమకుర్తి:

అన్నా, మొత్తం యుద్ధానికి ముందు ఒక సాయంత్రం వెల్లింగ్టన్ వరస మధ్యలో ముందున్న లా హే సాంత్ ఒక్కటే ఆడండి. రోడ్డు పక్కన ఆ పొలం ఇంట్లో మేజర్ బారింగ్ కింద మొదట సుమారు 400 మంది జర్మన్ లీజియన్ (బ్రిటిష్ సైన్యంలో చేరిన జర్మన్ల దళం) వాళ్లు, చేతుల్లో బేకర్ రైఫిళ్లు. దానికి సరిపడే మందుగుండు మళ్లీ అందక సాయంత్రం ఆరు దాటాక ఇల్లు వదిలేయాల్సొచ్చింది. ఒక్కో బేస్ వెనక అగ్గిపుల్లలు పెట్టి, పేల్చినప్పుడల్లా ఒకటి తీసేయండి. వెల్లింగ్టన్ మందుగుండు పంపమని చీటీ రాస్తే మాస్టారి లెక్క ప్రకారం ఎప్పుడు చేరుతుందో చూడండి. గోడలకు అట్ట, పైకప్పుకు ముడతల అట్ట చాలు.

రిజిస్టర్ మాస్టారు, నెల్లూరు:

టర్న్‌కి ఇరవై నిమిషాల యుద్ధం పెట్టండి. పదకొండున్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది టర్న్‌లు వస్తాయి. ఒక్కోటి పది నిమిషాల్లో ముగించాలి. లెక్చరర్ గారు చెప్పింది న్యాయమే. ప్రష్యన్లు రాని కవరు తీసేసి, దాని బదులు ఏడింటికి దిగే కవరు పెడతాను. గ్రూషీ కవరు మాత్రం నేను తీయను. అది వచ్చినా అతని వెనకే ప్రష్యన్లు ఆలస్యంగా దిగుతారు. వెల్లింగ్టన్ నమ్మకమూ నిలబడుతుంది, నెపోలియన్ ఆశా నిలబడుతుంది.

మీ తమ్ముడికి చెప్పు, అరుగు మీద ఖాళీ ఉండదు. ప్రతి టర్న్‌లో కనీసం ఒక చీటీ వస్తుంది. కొన్ని నిజం, కొన్ని పాతబడినవి, కొన్ని ఇద్దరు అధికారులు ఒకదానికొకటి పొంతన లేకుండా రాసినవి. ఫ్రెంచి సేనాని డెర్లాన్ దళం మిట్ట ఎక్కిందని ఒకటి, బ్రిటిష్ స్కాట్స్ గ్రేస్ రెజిమెంటు గుర్రాలు లోయలోకి దూసుకొచ్చాయని ఇంకొకటి, రెండూ ఒకేసారి చేరతాయి. ఏది ముందు జరిగిందో తను తేల్చుకోవాలి. మా దగ్గర ఆడిన నెపోలియన్లలో ఒక్కరు కూడా లేచి బయటికి పోలేదు.

ఆదివారం పొద్దున ప్యాసింజర్‌లో తంగుటూరు స్టేషన్‌లో దిగుతాను, మీలో ఒకరు బండి తెస్తే చాలు. రిజిస్టరు, కవర్లు, రెండు గడియారాలు నేను తెస్తాను. ఒక గడియారం అరుగు మీద, ఒకటి బల్ల మీద, రెండూ ఒకే టైము చూపించాలి. మూల బల్ల మాత్రం నేనొచ్చేసరికి వేసి ఉంచు. ప్లాన్సెన్వా లేకపోతే బ్యూలోకి దిగే చోటు ఉండదు, ఆ ఊరి చర్చి చుట్టూ ఒక గోడ కూడా పెట్టాలి.